కజ్జికాయల చెయ్యి కాసేపు పక్కన పెట్టండి

ప్రశ్న: మాది కావలి. ఉలవపాడు బంగినపల్లి పండ్లు బుట్టెడు వచ్చాయి, పిల్లలు అడిగారని మామిడి ‘పై’ (pie, కాల్చిన పిండి గిన్నెలో పండు నింపే వంటకం) చేయబోయాను. పండు సంగతి సరే, కింద ఉండే క్రస్ట్ ఎంతకీ కుదరడం లేదు. మూడుసార్లు చేశాను. మొదటిసారి రెండు టీకప్పుల మైదాలో నాలుగు చెంచాల కాచిన నెయ్యి పోసి, పూరీ పిండిలా పది నిమిషాలు మర్దించాను. "ఇదేందమ్మా, చెక్కల కంటే గట్టిగా ఉండాది" అంది మా అత్త. రెండోసారి ఇంట్లో చిలికిన గేదె వెన్న వేసి, తడిగుడ్డ కప్పి గంటసేపు వంటింటి గట్టు మీదే నాననిచ్చాను. ఓవెన్‌లో వెన్నంతా కారి ట్రేలోకి వచ్చింది, అంచులు జారి అడుక్కి దిగిపోయినాయి. మూడోసారి ప్యాకెట్ వెన్న. పైన రంగు బాగా వచ్చింది, పండు కింద మాత్రం పచ్చిపిండి. పొరలు పొరలుగా విరగాలంటే ఎట్టా చేయాలి? వంటల వీడియోల్లో చెప్పే షార్టెనింగ్ అంటే ఏంది, డాల్డానా? మాది 28 లీటర్ల ఓటీజీ, చిన్న కరెంటు ఓవెన్. గుడ్డు తింటాం.

సమాధానం: మీ చేతికి పిండివంటలు బాగా అలవాటని ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. ఇక్కడ అడ్డం వచ్చింది ఆ అలవాటే. మనకు తెలిసింది గుల్ల. మీరు అడుగుతున్నది పొర. రెండూ నోట్లో కరకరలాడతాయి గానీ చేసే పద్ధతులు ఒకదానికొకటి ఎదురు.

చెక్కలకైనా చేగోడీలకైనా పిండిలో కాగిన నూనో కరిగిన వెన్నో పోసి, వేళ్లతో బాగా పట్టించి, పిడికిట పట్టి ముద్ద కడుతోందా అని చూస్తాం. కొవ్వు ప్రతి పిండి రేణువుకూ పట్టేస్తుంది, నీళ్లు సరిగా లోపలికి చేరవు, పిండి సాగదు, వేగాక గుల్లగా విరుగుతుంది. ‘పై’ క్రస్ట్‌లో కొవ్వు అట్టా కలిసిపోకూడదు. చల్లని వెన్న బిళ్లలు బిళ్లలుగా పిండి మధ్యలో అట్టే ఉండిపోవాలి. అప్పడాల కర్రతో ఒత్తేటప్పుడు ఆ బిళ్లలు పలుచటి రేకులవుతాయి, పిండి రేకుకూ పిండి రేకుకూ మధ్య ఇరుక్కుంటాయి. ఓవెన్ వేడికి వెన్న కరిగి ఆ చోటు ఖాళీ అవుతుంది. వెన్నలోనూ పిండిలోనూ ఉన్న నీరు ఆవిరై పై రేకును లేపుతుంది. అదే సమయానికి పిండి కాలి గట్టిపడితే ఆ ఖాళీ అట్టే నిలబడుతుంది. మీరు అడిగే పొర ఆ ఖాళీయే.

మడత కాజా చేసినవారికి ఇది కొత్త కాదు. అక్కడ రేకు మీద నెయ్యీ పిండీ కలిపి రాసి, చుట్టి, కోసి, ఒత్తి పొరలు మన చేత్తో వేస్తాం. ఇక్కడ ఆ పని వెన్న బిళ్లలకు అప్పగిస్తాం. కాబట్టి వెన్న ఓవెన్‌లోకి వెళ్లే ముందే కరిగిందంటే కథ అక్కడితో అయిపోయినట్టే.

ఇప్పుడు మీ మూడు సార్లూ చూద్దాం. మొదటిసారి నెయ్యి చాలలేదు, నీళ్లు ఎక్కువయ్యాయి, మర్దన మరీ ఎక్కువైంది. ఈ పిండికి మైదా బరువులో సగానికి పైనే కొవ్వు పడుతుంది. వినగానే గుండె ఝల్లుమంటుంది గానీ అది తప్పదు. నాలుగు చెంచాల నెయ్యితో పది నిమిషాలు పిసికితే వచ్చేది పరోటా పిండి. దాన్ని పెనం మీద కాలిస్తే బాగుంటుంది, ఓవెన్‌లో పెడితే పెంకవుతుంది. పైగా నెయ్యిలో నీరు లేదు, వేసవిలో అది గడ్డగానూ ఉండదు, పిండిలోకి నూనెలా ఇంకిపోతుంది. రెండోసారి వెన్న మంచిదే, చోటే తప్పు. 38 డిగ్రీల వంటింట్లో గంటసేపు పెట్టిన వెన్నపిండిని తడిగుడ్డ కాపాడలేదు. వెన్న 20 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుంది, 35 దాటేసరికి దాదాపు నూనె. మూడోసారి మీరు గెలుపు దగ్గరికే వచ్చారు. పండు పెట్టకముందు ఖాళీ క్రస్ట్‌ను కాల్చి ఉంటే అడుగు ఉడికేది.

కొలతలకు వద్దాం. కప్పులు వదిలేసి కిచెన్ తూకం కొనుక్కోండి. టీకప్పుతో మైదాను డబ్బాలో ముంచి తీస్తే ఒకసారి 120 గ్రాములు, ఒత్తి తీస్తే 150 దాటుతుంది. రెండు కప్పుల దగ్గర ఆ తేడా 60 గ్రాములైతే వెన్నా నీళ్లూ ఏ లెక్కకూ అందవు. 9 అంగుళాల పళ్లేనికి, అంటే 23 సెంటీమీటర్ల టిన్నుకు, అడుగు రేకు ఒక్కటే అయితే ఇవి చాలు: మైదా 175 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 25 గ్రాములు, వెన్న 125 గ్రాములు, చక్కెర ఒక చిన్న చెంచా, ఉప్పు అర చిన్న చెంచా, ఐసు నీళ్లు 45 నుంచి 60 మిల్లీలీటర్లు. ఉప్పు వేసిన ప్యాకెట్ వెన్న వాడితే విడిగా ఉప్పు వద్దు. కార్న్‌ఫ్లోర్ ఎందుకంటే మన మైదా పరోటాకూ రుమాలీ రొట్టెకూ సరిపోయేంత సాగుతుంది. ఈ క్రస్ట్‌కు అంత సాగుడు అక్కర్లేదు, ఆ పాతిక గ్రాములు దాన్ని కొంచెం విరుస్తాయి. కార్న్‌ఫ్లోర్ లేకపోతే మెత్తని బియ్యప్పిండి అంతే వేసినా పరవాలేదు, కాస్త ఇసుకగా తగులుతుందంతే. నీళ్లలో చిన్న చెంచా వెనిగర్ కలపమని చాలామంది చెబుతారు. వేస్తే ఫ్రిజ్‌లో పిండి నల్లబడటం తగ్గుతుంది. వేయకపోయినా కొంప మునగదు.

ఇంటి వెన్న వాడాలనుకుంటే తప్పకుండా వాడండి. గేదె వెన్న ఆవు వెన్న కంటే కాస్త ఎక్కువ వేడికి గానీ కరగదు, మన ఎండలకు అది మేలే. దాంతో ఉన్న చిక్కు నీరు. ప్యాకెట్ వెన్నలో నీరు వందకు 16 వంతులకు అటూ ఇటూగా ఒకే లెక్కలో ఉంటుంది. కవ్వం కింద తీసిన వెన్నలో మజ్జిగ ఎంత చిక్కుకుందో మనకు తెలియదు. ఐసు నీళ్లలో వేసి మూడు నాలుగుసార్లు, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి. పలుచటి గుడ్డలో మూటకట్టి చేత్తో గట్టిగా ఒత్తి నీరంతా తీసేయండి. తరవాత ప్లాస్టిక్ కాగితం మీద ఒక అంగుళం మందాన పలకలా పరిచి, గట్టిపడేదాకా ఫ్రిజ్‌లో పెట్టి అప్పుడు తూచండి. ఇంత చేసినా నీళ్లు 40 మిల్లీలీటర్లకు మించనివ్వకండి.

అసలు పని తెల్లవారుజామున పెట్టుకోండి. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి ఈ పిండి కలపాలనుకోవడం వెన్నతో పోట్లాటే. ఏసీ గది ఉంటే పళ్లెం, కర్ర అన్నీ అక్కడికే తీసుకెళ్లండి. మైదా, గిన్నె, అప్పడాల కర్ర కూడా ఒక అరగంట ఫ్రీజర్‌లో ఉంచండి. వెన్నను సెంటీమీటరు ముక్కలుగా కోసి అదే అరగంట ఫ్రీజర్‌లో పెట్టండి.

వెడల్పాటి గిన్నెలో మైదా, కార్న్‌ఫ్లోర్, ఉప్పు, చక్కెర కలిపి అందులో వెన్న ముక్కలు వేసి ఒకసారి దొర్లించండి. ముక్క ముక్కకూ పిండి అంటుకోవాలి. ఇప్పుడు బొటనవేలూ చూపుడు వేలూ మధ్య ఒక్కో ముక్కను తీసుకుని ఒక్కసారి చిదమండి, పావలా బిళ్లలా అవుతుంది, వదిలేయండి. అరచేయి తగలకూడదు, వేడంతా అక్కడే. అన్ని ముక్కలూ అయ్యాక ఓ పదిసార్లు వేళ్లతో పైపైన కదిపితే కొన్ని బఠాణీ గింజంత అవుతాయి, కొన్ని చిక్కుడు గింజంత పలకలుగానే ఉంటాయి. అక్కడ ఆగాలి. ఇక్కడే మీ చెయ్యి మిమ్మల్ని మోసం చేస్తుంది. కజ్జికాయల పిండికి వెన్న పట్టించిన చెయ్యి ఇంకా రుద్దుదాం, ఇంకా రుద్దుదాం అంటుంది. పిండి బొంబాయి రవ్వలా అయిందంటే గుల్ల వైపు వెళ్లిపోయినట్టే. తినడానికి అదీ బాగుంటుంది, బిస్కట్‌లా, కానీ పొరలు రావు.

చేతులు మరీ వేడిగా ఉండేవారికి ఇంకో దారుంది. వెన్న పలకను గంటసేపు ఫ్రీజర్‌లో రాయిలా బిగించి, క్యారెట్ తురిమే పళ్లెం మీద నేరుగా మైదాలోకి తురిమేయండి. ప్రతి పది సెకన్లకూ తురుము మీద పిండి చల్లుతూ పోతే ముద్ద కట్టదు. ఇందులో వేళ్లతో చిదమాల్సిన పని లేదు, వెంటనే నీళ్లు చల్లడమే. మిక్సీ జారులో రెండేసి సెకన్లు తిప్పినా పని అవుతుంది గానీ ఒక్క తిప్పు ఎక్కువైతే పొడి అయి కూర్చుంటుంది. ఆ రాపిడి వేడి కూడా తోడవుతుంది. నా మాట వినేట్టయితే తురుమే నయం.

ఐసు నీళ్లలో ఐసు ముక్కలు పడకుండా వడకట్టి, ముందు 45 మిల్లీలీటర్లు కొలిచి పెట్టుకోండి, అంటే మూడు పెద్ద చెంచాలు. ఒక్కో చెంచాను పిండి అంతటా చిలకరించి, ఫోర్కుతో కింది నుంచి పైకి తిరగేయండి. మూడూ అయ్యాక గుప్పెడు తీసి పిడికిట బిగించి తెరవండి. ముద్ద నిలబడి, బొటనవేలితో తడితే విరిగి రెండు ముక్కలవ్వాలి, ఆ విరిగిన చోట పొడి కనపడాలి, తెల్లని వెన్న మచ్చలు కనపడాలి. ముద్ద రాలిపోతే ఇంకో అర చెంచా చల్లండి. ముద్ద చేతికి అంటుకుంటే నీళ్లు ఎక్కువయ్యాయని అర్థం, అప్పుడు మైదా చల్లి సరిచేద్దాం అనుకోకండి, మళ్లీ కలిపిన కొద్దీ సాగుడు పెరుగుతుంది. ఆ పిండిని పరోటాలకు మళ్లించి కొత్తగా మొదలుపెట్టడం చవక. సముద్రం దగ్గరి ఊళ్లలో మైదా గాలిలో తేమ కొంచెం పీలుస్తుంది, అందుకే చివరి చెంచా నీళ్లు ఎప్పుడూ చేతిలోనే పెట్టుకోండి.

గిన్నె అడుగున పొడి మిగిలి ఉంటుంది. ఉండనివ్వండి. మొత్తాన్ని ప్లాస్టిక్ కాగితం మీద కుమ్మరించి, కాగితంతోనే నాలుగు వైపుల నుంచీ ఒత్తి దీర్ఘచతురస్రంలా చేయండి. ఉత్తరం మడిచినట్టు మూడు మడతలు వేయండి, పక్కకు తిప్పి మెల్లగా ఒత్తి మళ్లీ మూడు మడతలు. కలిసీ కలవని పొడి ఈ మడతల్లో సర్దుకుంటుంది, పొరలూ పెరుగుతాయి. ఇంతకు మించి మడవద్దు. దీన్ని రెండు సెంటీమీటర్ల మందాన గుండ్రంగా సర్ది, కాగితం చుట్టి, ఫ్రిజ్‌లో కనీసం గంట పెట్టండి. రెండు రోజులైనా ఉంటుంది. ఫ్రీజర్‌లో నెల రోజులు పెట్టవచ్చు, ముందురోజు రాత్రి కింది అరలోకి దించుకుంటే చాలు. ఈ గంటలో రెండు పనులు జరుగుతాయి: వెన్న మళ్లీ బిగుస్తుంది, పిండిలో సాగుడు సేదతీరుతుంది. రెండోది జరగకపోతే ఓవెన్‌లో క్రస్ట్ ముడుచుకుపోతుంది.

ఒత్తే చోటు గురించి ఒక్క మాట. మన ఇళ్లలో వంటగట్టు చాలావరకు గ్రానైట్, అదీ చీమకుర్తి గెలాక్సీ రాయైతే నల్లటి మెరుపులో మైదా బాగా కనిపిస్తుంది. రాయి చల్లగా ఉంటుంది కదా అని దాని మీద ఒత్తమని చెబుతారు. అది చలి దేశాల మాట. మన వేసవిలో గది 36 ఉంటే రాయీ 36 ఉంటుంది, పైగా చెక్కపీట కంటే రాయి తన వేడిని వెన్నకు త్వరగా ఇచ్చేస్తుంది. కాబట్టి వాడే ముందు ఒక పెద్ద స్టీలు పళ్లెంలో ఐసు ముక్కలు పోసి రాయి మీద పదిహేను నిమిషాలు ఉంచండి. తీసి, తడి పూర్తిగా తుడిచి, అప్పుడు మైదా చల్లండి. అప్పుడది నిజంగా చలువరాయే.

ఫ్రిజ్ నుంచి తీసిన పిండి రాయిలా ఉంటే ఐదు నిమిషాలు ఆగండి. కర్రతో కొట్టినట్టు మెల్లగా అదిమి వంగేలా చేశాక, మధ్య నుంచి బయటికి ఒత్తండి. చపాతీలా కర్రను గుండ్రంగా తిప్పకూడదు, ఒక వైపు ఒత్తి, పిండిని పావు తిప్పు తిప్పి, మళ్లీ మధ్య నుంచి. ప్రతి తిప్పుకూ కింద చెయ్యి పెట్టి అంటుకోలేదని చూసుకోండి. అంచు పగులుతుంటే పిండి మరీ చల్లగా ఉందని, జిడ్డుగా మెరుస్తుంటే వెన్న కరుగుతోందని. మెరుపు కనపడగానే పని ఆపి, ఉన్నదున్నట్టు ట్రేలో వేసి పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి. మందం మూడు మిల్లీమీటర్లు, అంటే అరిసె కంటే పలుచన, పూరీ కంటే మందం. వెడల్పు 30 సెంటీమీటర్లు రావాలి. బాగా కుదిరిన రేకును వెలుతురుకు పట్టి చూస్తే పసుపుపచ్చని మచ్చలు పొడుగ్గా సాగి కనిపిస్తాయి. అవి కనిపిస్తే మీకు పొరలు వచ్చేసినట్టే, ఇక మిగిలింది చెడగొట్టకపోవడమే.

రేకును కర్రకు చుట్టి టిన్ను మీద విప్పండి. మూలల్లోకి లాగి సాగదీయకుండా, అంచు పట్టుకుని లేపి కిందికి దానంతటదే జారేలా వదలండి. లాగి అతికించిన చోటల్లా ఓవెన్‌లో వెనక్కి పోతుంది, మీ అంచులు దిగిపోవడంలో ఇదీ ఒక పాపమే. అంచు బయటికి ఒక అంగుళం వేలాడేలా కత్తిరించి, దాన్ని కిందికి మడిచి, కజ్జికాయ అంచు ముడిచినట్టే ముడవండి. ఇక్కడ మాత్రం మీ పాత చెయ్యి బాగా పనికొస్తుంది. అడుగంతా ఫోర్కుతో గుచ్చి, అట్టే తీసుకెళ్లి ఫ్రీజర్‌లో అరగంట.

టిన్ను సంగతి: పలుచటి అల్యూమినియం టిన్ను, ముదురు రంగుదైతే ఇంకా మంచిది, వేడిని అడుగుకు త్వరగా చేరుస్తుంది. గాజు పళ్లెం అందంగా ఉంటుంది, అడుగు ఎంత కాలిందో కూడా కనిపిస్తుంది, కానీ ఫ్రీజర్ నుంచి తీసి వేడి ట్రే మీద పెడితే పగులుతుంది. గాజైతే ఈ పద్ధతి వద్దు.

ఓటీజీని 200 డిగ్రీలకు, పైరాడ్, కిందిరాడ్ రెండూ వేసి, దాని నల్ల ట్రేను అడుగు గాడిలో ఉంచి ఇరవై నిమిషాలు కాగనివ్వండి. లైటు ఆరగానే కాగినట్టు కాదు, ఇంకో ఐదు నిమిషాలు ఆగండి. ఓవెన్‌లో పెట్టే చిన్న థర్మామీటర్ దొరికితే కొనండి, చాలా ఓటీజీల మీటకూ లోపలి వేడికీ పదీ ఇరవై డిగ్రీల తేడా ఉంటుంది.

బేకింగ్ పేపర్‌ను ఉండచుట్టి నలిపి, మళ్లీ విప్పి క్రస్ట్ లోపల పరవండి. నలిపితే మూలల్లోకి ఒదుగుతుంది. అందులో నిండా ఎండు శనగలో బియ్యమో పోయండి, కిలో దాకా పడుతుంది. మొలగొలుకులు పోసి పాడుచేయకండి, రేషన్ బియ్యం చాలు. ఈ బరువు అంచును నిలబెడుతుంది, అడుగు పొంగకుండా అదుముతుంది. తరవాత అవి వండుకోవడానికి పనికిరావు, ఒక డబ్బాలో పోసి ఈ క్రస్ట్ కోసమే దాచుకుంటే ఏళ్ల తరబడి వాడవచ్చు. టిన్నును వేడి ట్రే మీద పెట్టి 20 నుంచి 25 నిమిషాలు కాల్చండి. అంచు లేత గోధుమరంగుకు రాగానే పేపర్‌తో సహా శనగలు తీసేయండి. అడుగు ఇంకా తెల్లగా, తడి మెరుపుతో ఉంటుంది, కంగారు పడొద్దు. వేడి 180కి తగ్గించి ఇంకో 12 నుంచి 15 నిమిషాలు పెట్టండి. అంచు ముందే ముదురుతుంటే చుట్టూ అల్యూమినియం ఫాయిల్ కప్పండి, చిన్న ఓటీజీలో పైరాడ్ నెత్తి మీదే ఉంటుంది కాబట్టి ఇది దాదాపు ప్రతిసారీ అవసరమే. అడుగు పొడిగా, వేలితో తడితే టకటకమనేలా, పల్లీ పొట్టు రంగుకు వచ్చేదాకా కాల్చండి. చాలామంది లేత పసుపు దగ్గరే తీసేస్తారు, అది ఉడికింది గానీ కాలలేదు, రుచీ రాదు. తీసే ముందు రెండు నిమిషాలుండగా కొట్టిన గుడ్డు సొన పలుచగా అడుగుకు రాసి మళ్లీ పెట్టండి. ఆ పూత పండు రసం లోపలికి దిగకుండా అడ్డుకుంటుంది.

ఇక మామిడి. బంగినపల్లిలో రసం ఎక్కువ, అదే అడుగును తడిపేది. బాగా మగ్గి మెత్తబడిన పండును జ్యూసుకు పెట్టి, దోరగా పండి వేలికి కొంచెం గట్టిగా తగిలే పండ్లు తీసుకోండి. గుజ్జు 700 గ్రాములు కావాలి, పెద్దవి మూడు పండ్లు. సుమారు 450 గ్రాములు రెండు సెంటీమీటర్ల ముక్కలు కోసి, మిగతాది మిక్సీ పట్టండి. ఆ గుజ్జులో 60 గ్రాముల చక్కెర, సగం నిమ్మచెక్క రసం, రెండు పెద్ద చెంచాల చల్లని నీటిలో కలిపిన 25 గ్రాముల కార్న్‌ఫ్లోర్ వేసి, సన్న సెగ మీద కలుపుతూ బుడగలు వచ్చాక ఒక నిమిషం ఉడికించండి. బుడగలు రాకముందే దించితే చల్లారాక మళ్లీ నీరవుతుంది. గరిటె వెనక మందంగా అంటుకోవాలి. పూర్తిగా చల్లారాక ముక్కలు కలిపి, పూర్తిగా చల్లారిన క్రస్ట్‌లో నింపి, రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టి కోయండి. మళ్లీ ఓవెన్ పని లేదు. రెండింటిలో ఏది వెచ్చగా ఉన్నా ఆవిరి పట్టి అడుగు మెత్తబడుతుంది.

తినబోయే రోజే నింపండి. చేపల పులుసు మర్నాటికి రుచి, ఇది మర్నాటికి నానిన రొట్టె. ఖాళీ క్రస్ట్ మాత్రం గాలి చొరని డబ్బాలో రెండు రోజులు ఉంటుంది. ముసురు పట్టిన కార్తీకంలో ఒక్కరోజుకే మెత్తబడుతుంది, అప్పుడు 160 డిగ్రీల దగ్గర ఎనిమిది నిమిషాలు వేడిచేస్తే మళ్లీ బిగుస్తుంది. ఇదే క్రస్ట్‌లో చక్కెర మానేసి రొయ్యల వేపుడు నింపుకోవచ్చు, పులుసు లేకుండా పొడిపొడిగా ఉండాలి, అంతే షరతు.

షార్టెనింగ్ గురించి. ఆ ఇంగ్లీషు మాటకు అసలు అర్థం మన గుల్లే, పిండి సాగకుండా తుంచేసే కొవ్వని. అమెరికా వంటకాల్లో ఆ పేరుతో వాడేది వనస్పతి లాంటి గట్టి కొవ్వు. అక్కడ 1911లో క్రిస్కో అనే బ్రాండు వచ్చింది, మన దేశంలో 1937లో డాల్డా. కాబట్టి మీ ఊహ దాదాపు సరైందే. వనస్పతి వెన్న కంటే వేడికి ఓర్చుకుంటుంది, ఒత్తడం తేలిక, అంచు ముడతలు చెక్కుచెదరవు. రుచి మాత్రం శూన్యం, నాలుక మీద పొర కట్టినట్టు ఉంటుంది. దానిలోని ట్రాన్స్ ఫ్యాట్ (గుండెకు చేటు చేసే కొవ్వు) గురించి భయం న్యాయమే గానీ, 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలూ కొవ్వుల్లో అది 2 శాతం మించకూడదన్న నియమం ఉంది. మే నెలలో మరీ చేతకాకపోతే 90 గ్రాముల వెన్న, 35 గ్రాముల వనస్పతి కలిపి వాడండి. మిగతా పదకొండు నెలలు వెన్నే. బేకరీ ఎగ్‌పఫ్ పొరల కోసం వెన్నకు బదులు వాడే మార్జరిన్ అనే కొవ్వు ఇంటికి తెచ్చుకోకండి, అది వేరే పద్ధతికి, వందల మడతల పిండికి చేసింది, ఇందులో మైనంలా తగులుతుంది.

కుక్కర్‌లో ఉప్పు పోసి కాల్చవచ్చా అని మీరు అడగలేదు గానీ ఓటీజీ లేనివారు తప్పక అడుగుతారు. కేకు వస్తుంది, ఇది రాదు. పై నుంచి పొడి వేడి తగలకపోతే పొరలు లేవవు, అడుగు మాడుతుంది, అంచు పాలిపోతుంది. కన్వెక్షన్, అంటే లోపల వేడిగాలి తిప్పే సదుపాయం, ఉన్న మైక్రోవేవ్ అయితే సరే, కన్వెక్షన్ మోడ్‌లోనే, 190 డిగ్రీల దగ్గర.

చివరగా మిగిలిన అంచు ముక్కలు. వాటిని ఉండచేసి పిసకకండి, పిసికితే వెన్న కలిసిపోయి మళ్లీ చెక్కే. ఒకదాని మీద ఒకటి పేర్చి, పైనుంచి అదిమి, అరగంట ఫ్రిజ్‌లో పెట్టి ఒత్తండి. కజ్జికాయల చెక్కలో పెట్టి మామిడి తాండ్ర ముక్కో కొబ్బరి లౌజో నింపి ఒత్తేస్తే చిన్న పైలు అవుతాయి. 200 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు. నూనెలో మాత్రం వేయకండి, వెన్న మొత్తం మూకుట్లోకి వదిలేస్తాయి. ఇవి వేడివేడిగా మీ అత్తగారికి ముందు పెట్టండి.